పెట్టెకో ఆదివారం

“ఈ గడియారం ఇవాళ నేను పట్టుకెళ్లిపోతానత్తా,” అన్నాడు మేనల్లుడు, దాన్ని అప్పటికే చంకలో పెట్టుకుని.

“కింద పెట్టు. పెట్టెలన్నీ విప్పాకే పంపకాలు. మొదటి రోజే చెప్పానా లేదా?”

“అంటే ఇంకా రెండు వారాలాగాలా? తొమ్మిదీ ఒక్క రోజులో విప్పేస్తే పోయేదిగా!”

“హడావిడిగా విప్పితే ఏది ఎవరిదో ఎలా గుర్తొస్తుందిరా? నాకేమన్నా పాతికేళ్లా?” అంటూ అత్త గడియారం లాక్కుని ఏడో పెట్టె పక్కన పెట్టేసింది.

అవి గోడౌన్ నుంచి వచ్చిన పెట్టెలు. తాతల నాటి సామాను ఇంట్లో పట్టక ఆమె తమ్ముడు ఎప్పుడో అక్కడ దాచాడు. ఇప్పుడు తమ్ముడు లేడు. ఏది ఎవరిదో చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద అత్త ఒక్కతే మిగిలింది. అందుకని పెట్టెలు తిన్నగా ఆమె రెండు గదుల వాటాలోకి చేరాయి. వాటి వెనకాలే, ఏడాదికో ఫోనుతో సరిపెట్టే తమ్ముడి పిల్లలిద్దరూ ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టారు.

మొదటి పెట్టె మూత తియ్యగానే అత్తకి తెలిసిపోయింది. అందులో ఒక్కటంటే ఒక్కటి తమ ఇంటి వస్తువు లేదు. ఎవరివో పెట్టెలు తమకొచ్చాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే మేనకోడలు ఆమె భుజానికి ఆనుకుని కూర్చుని, “ఇదెవరిదత్తా?” అని ఓ పొడుం డబ్బీ చూపించింది. అత్తను ఆనుకుని ఒక మనిషి కూర్చుని ఎన్నేళ్లయిందో.

“మా తాతయ్యదే,” అనేసింది అత్త.

ఇక అక్కణ్ణుంచి వెనక్కి రావడం ఆమె తరం కాలేదు. శనివారం మధ్యాహ్నమే మర్నాటి పెట్టె ఒక్కతే విప్పి చూసుకునేది. ఏ వస్తువు ఎవరికి అంటగట్టాలో తేల్చుకుని మళ్లీ టేపు అంటించేది. ఫోటోలో ఉన్న ఊరూ పేరూ తెలియని మీసాలాయన్ని ముత్తాతను చేసి కూర్చోబెట్టింది. మేనల్లుడైతే అద్దం ముందు నిలబడి, “నా ముక్కు అచ్చం ఈయనదే,” అని మురిసిపోయాడు.

అమ్మ కళ్లజోడూ, నాన్న చేతికర్రా ఎక్కడో ఎవరింట్లోనో పడి ఉన్నాయని తల్చుకుంటే అత్త ప్రాణం ఉసూరుమనేది. అయినా గోడౌన్‌కు ఫోన్ చెయ్యలేదు. చేస్తే పెట్టెలు వెళ్లిపోతాయి. పెట్టెలు లేకపోతే ఈ ఇద్దరూ రారు. మళ్లీ ఆ గదుల్లో పొద్దస్తమానం నోరు మూసుకుని కూర్చోవడం ఇక తనవల్ల కాదు.

మేనకోడలిది టైలరింగ్ షాపు. కుట్టడానికొచ్చిన బట్టలకు తగిలించినట్టే, అత్త చెప్పింది చెప్పినట్టు చీటీ మీద రాసి ప్రతి వస్తువుకూ దారంతో కట్టేది. ఇవాళ ఏడో పెట్టెలోంచి ఓ పెద్ద కత్తెర తీసింది.

“మీ నానమ్మది,” అంది అత్త.

మేనకోడలు చీటీ రాయలేదు. కత్తెర వేళ్లకు తొడుక్కుని రెండుసార్లు ఆడించి చూసింది. “అత్తా, ఇది ఎడమచేతివాళ్ల కత్తెర. నానమ్మది ఎడమచేతి వాటమా?”

అత్త పెట్టెలోకి చూపు తిప్పుకుంది. “ఆఁ... కత్తెర పట్టేటప్పుడు మాత్రం.”

“కత్తెరకి మాత్రమా? నాన్న ఎప్పుడూ చెప్పలేదే!”

“మీ నాన్నకి అమ్మ ఏ చేత్తో అన్నం పెట్టిందో తెలుసు గానీ, ఏ చేత్తో గుడ్డ కత్తిరించిందో ఏం తెలుసే? రాయి, రాయి.”

మేనకోడలు ఆమె మొహంలోకి ఓ క్షణం అనుమానంగా చూసి పెన్ను తీసింది. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో గోడౌన్ గుమస్తా, చేతిలో కాగితాలు. “అమ్మా, ఓ చిన్న పొరపాటు...”

అత్త ఒక్క అంగలో బయటికొచ్చి తలుపు దగ్గరికేసింది. “నెమ్మదిగా మాట్లాడు బాబూ.”

“ఒకే లారీలో రెండిళ్ల సామాను వేశామమ్మా. రెండు వైపులా తొమ్మిదేసి పెట్టెలే కావడంతో మావాళ్లు తికమకపడ్డారు. వాళ్లవి మీకు దింపారు, మీవి వాళ్లకి దింపారు.”

“తెలుసు.”

“తెలుసా!”

“మొదటి రోజే తెలుసు.”

లోపల అన్నాచెల్లెళ్లిద్దరూ దేనికో పగలబడి నవ్వుతున్నారు. అత్త తలుపును ఇంకాస్త దగ్గరికి లాగింది. “ఒక్క వస్తువు కూడా గడప దాటనివ్వలేదు నాయనా. చీటీలు ఊడబీకి, ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్తాను. ఇంకా రెండు పెట్టెలే ఉన్నాయి. రెండంటే రెండు ఆదివారాలు ఆగు. ఆ ఇంటివాళ్లకి నువ్వే ఏదో ఒకటి సర్దిచెప్పు. పాపం, తమ వస్తువుల కోసం ఎంత అల్లాడిపోతున్నారో!”

గుమస్తా కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు తల గోక్కున్నాడు.

“ముందు అక్కడికే వెళ్లొచ్చానమ్మా. ఆ ఇంట్లో ఓ పెద్దాయన మీ పెట్టెలు ముందేసుకుని మనవలకి వాళ్ల వంశం కథలు చెప్తున్నారు. ఆయనా నన్నిలాగే గుమ్మం బయట నిలబెట్టి, తలుపు దగ్గరికేసి, ఇంకా మూడు పెట్టెలున్నాయి, మూడు ఆదివారాలు ఆగమన్నారు.”