చవక సలహా

“ఆ పెద్దవి మీకొద్దు సార్. ఈ చిన్న జత తీసుకోండి. ధర కూడా తక్కువే,” అన్నాడు సేల్స్‌మన్.

ఆడిటరు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆయన ఎన్నో రకాల దొంగల్ని పట్టుకున్నాడు. కానీ తక్కువ ధర వస్తువు కొనమని బతిమాలే దుకాణం మనిషిని మాత్రం ఎక్కడా చూడలేదు.

ఫోన్లో పాట వింటుంటే దోమ రొదలా ఉందని భార్య గొడవ పెడితే, ఓ మాదిరి ధరలో స్పీకర్లు కొందామని ఇద్దరూ ఆ షాపుకొచ్చారు. వాళ్లనుకున్న ధరకి అందేవి రెండే జతలు. ఒకటి పుస్తకాల అరలో ఇమిడేది. రెండోది నడుమెత్తు నిలబడేది.

“ఎందుకొద్దు?” అన్నాడు ఆడిటరు.

“అపార్ట్‌మెంట్‌కి బాగోవండీ. వాటికి బేస్ మరీ ఎక్కువ. మీ హాలు చిన్నది, గోడలు అదురుతాయి.”

“మా హాలు చిన్నదని నీకెవరు చెప్పారు?”

సేల్స్‌మన్ తడబడ్డాడు. “ఈ ధరలో చూసేవాళ్లవి చిన్న హాళ్లే ఉంటాయి కదండీ.”

భార్య మెల్లిగా మొగుడి చెయ్యి గిల్లింది. “చిన్నవే ముచ్చటగా ఉన్నాయండీ. మన షెల్ఫులో చక్కగా ఇమిడిపోతాయి.”

“నువ్వూరుకో. ఇందులో ఏదో మతలబుంది.”

రెండు జతల మీదా ఒకే పాట పెట్టించాడు. చిన్నవాటిలో పాడుతున్న మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. నిజానికి ఆయనకీ అవే నచ్చాయి. నచ్చేసరికి అనుమానం ఇంకా ముదిరింది. పెట్టెను వెనక్కి తిప్పి చూశాడు. గోటితో కొట్టి చూశాడు. లోపల ఏమైనా వదులుగా ఉందేమోనని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు కూడా.

పెద్దవాటిలో డప్పు మోగగానే గుండెల మీద ఎవరో గుద్దినట్టయింది. పాట చరణంలోకి రాకముందే సేల్స్‌మన్ ఆపేశాడు.

“ఎందుకాపావు?”

“మిగతా కస్టమర్లకి ఇబ్బంది కదండీ.”

ఆడిటరు చుట్టూ చూశాడు. షాపులో వేరే కస్టమరే లేడు.

“ఈ పెద్దవాటిలో ఏదైనా లోపముందా?”

“లేదండీ.”

“చిన్నవాటిలో?”

“వాటిలోనూ లేదండీ.”

“మరి నీకేమిటయ్యా బాధ?”

సేల్స్‌మన్ కౌంటర్ దగ్గరున్న ఓనరు వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు. “సార్, ఒక్కసారి బయటికొస్తారా? విడిగా ఓ మాట చెప్తాను.”

దొరికాడు దొంగ, అనుకున్నాడు ఆడిటరు. విడిగా చెప్పే మాటలు ఎలా ఉంటాయో ఆయనకి కొత్త కాదు. “విడిగా ఎందుకు? ఏదున్నా మీ ఓనరు ముందే చెప్పు,” అంటూ చరచరా కౌంటర్ దగ్గరికి నడిచాడు.

“ఏమండీ, మీ సరుకు అమ్ముడుపోకుండా మీ మనిషే అడ్డం పడుతున్నాడు. పెద్దవి అడిగితే వద్దంటాడు. కారణం అడిగితే నీళ్లు నములుతాడు. ఇప్పుడు బయటికి రమ్మంటున్నాడు. ఇంకో షాపువాళ్లతో లాలూచీ పడ్డాడేమో, చూసుకోండి.”

ఓనరు మొహం ఎర్రబడింది. “పెద్దవి వద్దన్నావా?”

“వాళ్ల గదికి సరిపడవని...”

“వాళ్ల గది సంగతి నీకెందుకు? ఎన్నాళ్లుగానో కదలని సరుకు. కొనేవాళ్లు దొరికితే చెడగొడతావా?”

సేల్స్‌మన్ పక్కకి తప్పుకున్నాడు. ఓనరే స్వయంగా పెద్ద జతకి అట్టపెట్టెలు తెచ్చి కట్టించాడు.

ఆటోలో ఆ పెట్టెల మధ్య ఇరుక్కుని కూర్చుంటూ, “అతని మొహం చూశారా? పాపమనిపించింది,” అంది భార్య.

“మొహాలు చూసి జాలిపడితే మా ఆఫీసు ఎప్పుడో మూసేసేవాళ్లు.”

ఇంటికొచ్చాక, రెండింటినీ హాల్లో గోడకి ఆనించి నిలబెట్టారు. ఇక వంటింట్లోకి వెళ్లాలంటే పక్కకి తిరిగి, పొట్ట బిగించి వెళ్లాల్సి వచ్చింది. ఆడిటరు దాన్ని లెక్కచెయ్యలేదు. డప్పుల పాట ఒకటి వెతికి మరీ పెట్టి, చెవి ఆనించి వంక కోసం వెతికాడు. ఎక్కడా చిన్న గరగర కూడా లేదు. అలమరలో గాజు గ్లాసులు గలగలలాడాయి.

“చూశావా? ఇంత మంచి సరుకు మనకి దక్కకుండా చేద్దామనుకున్నాడు,” అని అరిచాడు.

“ఏంటీ?” అని అరిచింది భార్య, చెవులు మూసుకునే.

డోర్‌బెల్ మోగింది. ఎంతసేపటినుంచి మోగుతోందో తెలియదు.

తలుపు తీస్తే ఎదురుగా సేల్స్‌మన్. షాపువాళ్లిచ్చిన చొక్కా లేదు, ఇంట్లో వేసుకునే పాత బనియనుంది. భుజం మీద ఏడ్చి ఏడ్చి వెక్కుతున్న పసిపాప.

ఆడిటరు తలుపు సగం మూసి పట్టుకున్నాడు. “ఇంటిదాకా వచ్చావా? మా అడ్రసు ఎవరిచ్చారు నీకు?”

“ఎవరూ ఇవ్వలేదండీ. ఈ పక్క ఫ్లాటే మాది. లిఫ్టులో రోజూ మీ వెనకే నిలబడతాను. ఓనరు ముందు ఇదంతా చెప్పలేక బయటికి రమ్మన్నాను.”

లోపల భార్య పరుగున వెళ్లి పాట ఆపేసింది.

“పూర్తిగా ఆపక్కర్లేదండీ,” అన్నాడు సేల్స్‌మన్, పాప వీపు నిమురుతూ. “పగలు పాప పడుకున్నప్పుడు కాస్త తగ్గించండి చాలు, రేపట్నుంచి దీన్ని చూసుకుంటూ ఇంట్లో ఉండేది నేనే.”