వేలెడు ఆఫ్‌సైడ్

“ఆగండి! ఆట మొదలుపెట్టించకండి. గోల్ చెల్లుతుందో లేదో చూస్తున్నాం,” అంది వీడియో రిఫరీ మైకులో.

మైదానంలో రిఫరీ చెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు. అరవై వేల మంది కేకలు గోడలు దాటుకుని ఆమె ఉన్న వీడియో గదిలోకొచ్చాయి. ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుంది. ఈ గోల్ నిలిస్తే కప్పు ఇక్కడి జట్టుది. నిలవకపోతే ఆట సమం. సమమైతే చాలు, పాయింట్లలో ముందున్న అవతలివాళ్ళు కప్పు ఎత్తుకుపోతారు.

ఆమె పక్కన తెరల ముందు కూర్చున్న బట్టతల ఆపరేటర్‌ని అందరూ గీతల మాస్టారు అంటారు. నుదుటి గీత తప్ప ఏ గీతైనా తిన్నగా గీస్తానని ఆయన గొప్ప. ఆయన బొమ్మని వెనక్కి నడిపి, పాస్ ఇచ్చినవాడి కాలిని బంతి వదిలిన క్షణం దగ్గర ఆపాడు. ఒక ఎర్ర గీత గీశాడు, ఒక నీలం గీత గీశాడు.

“ఆఫ్‌సైడే అమ్మాయ్. గోల్ కొట్టినవాడి మోకాలు అవతలి జట్టు కాపలావాడికన్నా వేలెడు ముందుంది.”

“ఇంకో కెమెరాలో చూపించండి మాస్టారూ.”

ఆయన చూపించాడు. అందులోనూ వేలెడే.

అంతలో తలుపు తోసుకుని ఇక్కడి క్లబ్ ఓనర్ సెక్రటరీ లోపలికొచ్చాడు.

“ఇక్కడికి ఎవరూ రాకూడదండీ!”

“వచ్చేశాను కదమ్మా. ఒక్క మాట చెప్పి పోతా.” రొప్పుతూనే వచ్చి మైకుని అరచేత్తో మూశాడు. “ఈ స్టేడియం కట్టిన మూడొందల మంది వలస కూలీల పాస్‌పోర్టులు మా అయ్యగారి బీరువాలో ఉన్నాయని పేపర్లన్నీ కోడై కూస్తున్నాయి కదా? కప్పొస్తే ఆ సంతోషంలో రేపే అవి ఇచ్చేసి అందర్నీ ఇళ్ళకి పంపించేస్తారు. ఆ మోకాలు కాస్త వెనక్కి జరిగిందనుకోండి, మూడొందల ఇళ్ళలో దీపం పెట్టినవారవుతారు.”

“వాళ్ళ పాస్‌పోర్టులు వాళ్ళకివ్వడానికి గోల్ దేనికండీ?”

“న్యాయం మీరు మాట్లాడతారు, దయ ఆయన చూపిస్తారు. రెండూ ఒక్కచోట దొరకవమ్మా.”

ఆమెకి ఆ కూలీల్లోని వడ్రంగి పెద్దాయన గుర్తొచ్చాడు. పొద్దున ఈ గది తలుపు బిగుసుకుపోతే చిత్రిక పట్టి సరిచేసింది ఆయనే. మనవడికి మూడేళ్ళు నిండాయట, ఇంతవరకూ ఒళ్ళోకి తీసుకోలేదట. “ఫోన్లో తాతా అని పిలిచి, ఆ ఫోన్‌కే ముద్దు పెడతాడు తల్లీ వెధవ!” అని నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఇప్పుడా పెద్దాయన తొమ్మిదో తెర మీదున్నాడు. లోకానికి చూపించాలని కూలీలందరికీ క్లబ్ చొక్కాలు తొడిగి గోల్ వెనక గ్యాలరీలో వరసగా కూర్చోబెట్టారు. చుట్టూ జనం ఎగిరి గంతులేస్తుంటే వాళ్ళు మాత్రం చేతులు నలుపుకుంటూ తలలు దించుకున్నారు.

“ఇంకా ఎంతసేపు?” చెవిలో మైదానం రిఫరీ విసుక్కున్నాడు.

మాస్టారు తెర మీంచి చూపు తిప్పలేదు. “గియ్యడం, చెరపడం నా పని అమ్మాయ్. చెప్పడం నీ పని.”

ఆమె మళ్ళీ ఆ రెండు గీతల వంక చూసింది. వేలెడంటే వేలెడు అబద్ధం. ఎవరడుగుతారు? కానీ ఏడాది పొడుగునా చెమటోడ్చిన అవతలి జట్టువాళ్ళు ఏం పాపం చేశారు? అయినా ఒక కప్పు కోసం మనుషుల్ని వదిలేవాడు, ఇంకో కప్పు కోసం మళ్ళీ పట్టుకోడని ఏమిటి నమ్మకం?

సెక్రటరీ చేతిని మైకు మీంచి తీసి పక్కన పెట్టింది.

“ఆఫ్‌సైడ్. గోల్ లేదు.”

“మూడొందల మంది ఉసురు! ఊరికే పోదు!” అంటూ అతను తలుపు దడాలున వేసి వెళ్ళిపోయాడు.

ఆట ముగిసింది. కప్పు అవతలివాళ్ళు ఎత్తుకున్నారు. ఆమె ఆ సంబరం చూడలేదు. రిపోర్టు రాసి, సంతకాలు పెట్టి బయటపడేసరికి గంట పట్టింది.

“ఇల్లు అటు కదా, ఇటెక్కడికి?” అన్నాడు మాస్టారు మెట్ల దగ్గర.

“కూలీల షెడ్ల దగ్గరికి. ఇలా జరిగిందని నా నోటితో నేనే చెప్పుకోవాలి.”

“తిడతారమ్మా.”

“తిట్టనివ్వండి, పడతాను.”

“సరే పద, ఇద్దరం కలిసి పడదాం. గీత నాదే కదా!”

స్టేడియం వెనక మలుపు తిరిగేసరికి షెడ్ల వైపు నుంచి కేకలు, చప్పుళ్ళు. గొడవ మొదలైందనుకుంది ఆమె. పరుగులాంటి నడకతో వెళ్ళి చూసి, అక్కడే నిలబడిపోయింది.

సిమెంటు బకెట్లు బోర్లించి నలుగురు దరువేస్తున్నారు. మిగతావాళ్ళు భుజాల మీద చేతులేసుకుని, దుమ్ము రేగేలా చిందులు తొక్కుతున్నారు. అందరికన్నా ముందు వడ్రంగి పెద్దాయన! ఆమెని చూడగానే వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“రా తల్లీ, నువ్వే రావాలి!”

“నన్ను క్షమించు పెద్దాయనా,” అంది ఆమె. “గెలిస్తే మిమ్మల్ని ఇళ్ళకి పంపిస్తానని మీ ఓనర్ అన్నాడట. తెలిసీ ఆ గోల్ చెల్లదన్నది నేనే.”

పెద్దాయన నోరు తెరుచుకుని ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి, చొక్కా లోపలి నుంచి చిన్న పుస్తకం ఒకటి తీసి ఆమె కళ్ళ ముందు ఆడించాడు.

“గెలిస్తే పక్కనే ఇంకో స్టేడియం, అదీ మీరే కట్టాలన్నాడు తల్లీ! కప్పు చేజారేసరికి, మీ శనిగొట్టు మొహాలు చూడబట్టే కప్పు పోయింది, మళ్ళీ నా కంట పడకండని, ఇదిగో, ఇందాకే అందరి పాస్‌పోర్టులూ మా మొహాన కొట్టాడు!”