పెనీకి ఎన్ని మార్కులు

"పెనీని లారీ ఎక్కించక తప్పదు నాన్నా. మూడు కూడా దాటేలా లేదు," అంది నోరీన్.

ఎమిల్ ఒప్పుకోలేదు. దూడల్ని తల్లుల దగ్గర్నుంచి విడదీశాక, మంచు పడకముందే ఆవుల ఒంటి మీద కండా కొవ్వూ ఎంతున్నాయో చూసి ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు వేస్తారు. ఐదొస్తే ఆవు చలికాలం గట్టెక్కి చక్కగా ఈనుతుంది. నాలుగు లోపు వచ్చిన ముసలి ఆవు సంతకి పోతుంది. నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో ఈ విషయంలో మొహమాటాలుండవు.

కానీ ఈ ముసలి ఆవు పెనీని పెంచింది ఎమిల్ భార్య ఆగ్నెస్. పద్నాలుగేళ్ల కిందట మంచు తుఫానులో తల్లి చచ్చిపోతే, దూడని వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టి సీసాతో పాలు పట్టింది. అది ఏప్రన్ అంచులు నమిలేస్తే నవ్వుకుంటూ ఇంకోటి కుట్టుకుంది. ఆగ్నెస్ పోయి ఏడాదవుతోంది. ఎమిల్ ఆ ఏప్రన్ కథ మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. నోరీన్ చివరిదాకా విన్నది గానీ మార్కు మార్చలేదు.

"లెస్టర్‌ని పిలువు. వాడెంతంటే అంత," అన్నాడు ఎమిల్ చివరికి.

కాకి పిల్ల కాకికి ముద్దు. అందుకే ఇంట్లో తగాదా వస్తే అక్కడ పొరుగువాడి చెయ్యే తీర్పు. పైగా లెస్టర్ సొంత ఆవులకే మార్కులు కోసే పిసినారి. నోరీన్ నిశ్చింతగా ఫోన్ చేసింది.

లెస్టర్ వచ్చి, చిన్ననాటి స్నేహితుడు ఎమిల్ చెయ్యి ఆసరాగా కంచె దాటాడు. బొచ్చు పెరిగిన ఆవుని కళ్లతో చూసి లాభం లేదు. పక్కటెముకల మీద, నడుం మీద, తోక మొదట్లో వేళ్లతో నొక్కి నొక్కి చూశాడు. ఎమిల్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"ఐదు," అన్నాడు లెస్టర్.

ఎమిల్ కళ్లు తుడుచుకుని పెనీని కొట్టంలోకి తోలుకుపోయాడు. నోరీన్‌కి ఒళ్లు మండింది. పికప్ దాకా లెస్టర్ వెంటపడింది.

"నిజం చెప్పు బాబాయ్. ఎంత?"

"మూడే. విడిగా దాణా పెట్టు, తేరుకుంటుంది."

"అబద్ధం ఎందుకాడావు మరి?"

లెస్టర్ బండెక్కి అద్దం దించాడు.

"కంచె దాటుతూ మీ నాన్న చెయ్యి పట్టుకున్నానమ్మా. ఆ లావు కోటు కింద వాడు రెండుకి మించి లేడు."