శెట్టి కుర్చీ

“కుర్చీ ఇడ్సిపెట్టు శెట్టీ.”

“నా పాణం పోయినాక తీసుకో.”

ప్రొద్దుటూరు ధర్మాసుపత్రి వాకిట్లో పొద్దున్నే రగడ మొదలైంది. గాజుల అంగడి కొడుక్కి అప్పజెప్పి ఇక్కడ సేవకు చేరిన రోజు కమాల్ బాషా దగ్గరున్న పెట్టుబడి గట్టి మోకాళ్ళు, బోలెడు తీరిక, కాస్త ఓర్పు. మొదటి రెండూ అమ్ముడుపోని సరుకులా మూలుగుతున్నాయి. మూడోది తనలాగే సేవకొచ్చే ఈ కేశవయ్య శెట్టి వల్ల ఎప్పుడో ఖర్చయిపోయింది.

ఆసుపత్రికి ఉన్నది ఒక్కటే చక్రాల కుర్చీ. శెట్టి వచ్చే ఆటో సరిగ్గా దాని పక్కనే ఆగుతుంది. దిగడంతోనే పిడులు పట్టుకుంటాడు, తిరిగి ఆటో ఎక్కేదాకా వదలడు. రోగులు లేకపోయినా ఖాళీ కుర్చీ తోసుకుంటూ వరండా అంతా తిరుగుతాడు. కమాల్ బాషాకు దక్కింది చీటీలిచ్చే బల్ల.

“అంగట్లో బతుకంతా కూచున్యా. ఈడ గూడా కూచోనీకి రాలేదు నేను.”

“నీడపట్టున బల్ల ఇచ్చినారు, సంతోషపడు.”

“నువ్వే పోయి కూచో. నాకంటే పెద్దోనివి. మీవాడు కర్ర గూడా కొనిచ్చినాడంట గదా?”

“దాన్ని వాచ్‌మన్‌కిచ్చినా, కుక్కల్ని తోలుకుంటాడని. కర్ర పట్టుకోని బంగారు అంగళ్ళ ముందర తిరిగితే, శెట్టి పని అయిపాయె అంటారు.”

“పేరు పిచ్చి నీది. డాక్టర్లు చూడల్లనే గదా, ఖాళీ కుర్చీ తోస్తాండావు?”

శెట్టి పిడులు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

ఇంతలో సింహాద్రిపురం నుంచి బిస్మిల్లా బీ ఆటోలో వచ్చింది. కాలు వాచిపోయి ఉంది. శెట్టి కుర్చీని ఆటో దాకా తోశాడు. కూతురు ఆమెను మెల్లగా కూర్చోబెట్టింది. చెమట తుడుచుకోవడానికి శెట్టి పక్కనున్న స్తంభానికి ఆనుకున్నాడు. అంతే, కమాల్ బాషా కుర్చీ లాక్కున్నాడు.

“బాషా, మర్యాదగా ఇట్ల తే.”

“చేతనైతే వచ్చి గుంజుకో.”

“కొట్లాట తర్వాత పెట్టుకోండన్నా,” అంది బిస్మిల్లా బీ. “నా కాలు పీకుతాంది.”

కమాల్ బాషా పరుగులాంటి నడకతో కుర్చీని ఎక్స్‌రే గదివైపు మళ్ళించాడు. శెట్టి తిట్లు వరండా చివరిదాకా వెంటపడ్డాయి. శెట్టి మాత్రం రాలేదు.

ఎక్స్‌రే తీయించి, కట్టు కట్టించి, బిస్మిల్లా బీని మంచం మీదికి చేర్చేసరికి చాలాసేపు పట్టింది. రావలసినదంతా వడ్డీతో వసూలైనట్టు అనిపించింది కమాల్ బాషాకు. ఖాళీ కుర్చీ తోసుకుంటూ దర్జాగా వాకిట్లోకి వచ్చాడు.

శెట్టి అదే స్తంభం దగ్గర ఉన్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. ముఖం కందగడ్డలా ఉంది.

“టీకి గూడా పోకుండా నాకోసం కాసుకోనుండావా? రా, కొడతావా?”

శెట్టి చుట్టూ చూశాడు. ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు.

“అది పట్టుకోకుంటే నాకు అడుగు పడదు, బాషా.”