మంచు పళ్లెంలో పాప

ఈ కొండల్లో ఇప్పుడు ప్రతి పెరట్లోనూ మంచును తూచే పళ్లెం ఉంది. అది చూపే బరువును బట్టే కింద ఊళ్లకు నీళ్లు వదులుతారు. మా పాప ఇవాంశి పాలు సరిగా తాగడం లేదని నా బెంగ. అందుకే రోజూ మంచు ఊడ్చేసి, పాపను ఆ పళ్లెంలో పెట్టి తూస్తున్నాను. ఈ రోజు వంద గ్రాములు తగ్గింది. ఏడుపొచ్చింది.

అంతలో ఈ పళ్లేల బరువులు చూసే ఆఫీసు నుంచి శకుంతలగారి ఫోను.

"ఏమ్మా, మీ పెరట్లో రోజూ పదింటికి ఆరు కిలోల మంచు పడి, నిమిషంలో మాయమవుతోందేంటి?"

"మంచు కాదండీ... మా పాప!"

ఆవిడ పకపకా నవ్వారు. "అయితే నెలలో అరకిలో పెరిగిందే! ఇవాళ వంద గ్రాములు తగ్గిందంటే, టోపీ పెట్టలేదా?"

వెనక్కి చూశాను. ఉన్ని టోపీ పొయ్యి పక్కన ఆరుతోంది.