సన్నాయికి అడ్డుపడిన కన్ను

నీటికాసులనే కంటిజబ్బు వచ్చిన పిల్లలందరికీ కంట్లో సన్నని గొట్టం అమర్చే ఆ రోజుల్లో, తెనాలిలో పన్నెండేళ్ళ మంజీరకూ ఆ ఆపరేషన్ చేశారు. కంట్లో ఒత్తిడి పెరిగితే గొట్టం తనంతట తానే నీరు తీసేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే, దానికి జతచేసిన చెవిపోగులోంచి అరుస్తుంది.

మంజీర తాత కోటిలింగం సన్నాయి విద్వాంసుడు. ఊదితే కంటికి మంచిది కాదని డాక్టరమ్మ చెప్పినా, ఒక్క పెళ్ళిలో వాయిస్తానని మంజీర ఆయన ప్రాణాలు తోడేసింది. "సరే, తాళి కట్టేటప్పుడు కాసేపే" అన్నాడాయన.

ముహూర్తం వచ్చింది. పంతులుగారు "గట్టిమేళం!" అన్నారు. మంజీర బుగ్గలు పూరించి ఊదింది. పెళ్ళికొడుకు తాళి ఎత్తాడు.

"ఆపండి! వెంటనే ఆపండి!" అని ఓ ఆడగొంతు మండపమంతా మోగింది.

పెళ్ళికొడుకు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆడపెళ్ళివారు అతనికేసి గుర్రుగా చూశారు.

"ఆవిడెవరో నాకు తెలీదు మావయ్యా!" అన్నాడతను ఏడుపుగొంతుతో.

మంజీర సన్నాయి దించి, బిక్కమొహంతో చెయ్యెత్తింది. "నా కన్నండీ."

తాత చటుక్కున ఆమెవైపు తిరిగాడు. సన్నాయి లాక్కుని ఆమె చెవిపోగు దగ్గర చెవి పెట్టాడు. కాసేపటికి "తగ్గింది" అంది అది. ఆయన కళ్ళు తుడుచుకుని, డోలు తెచ్చి మనవరాలి ముందు పెట్టాడు. "ఇక నుంచి నీకిదేనే తల్లీ."

పెళ్ళికూతురు తలెత్తింది. "ఇంకెవరి కంటికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పమనండి. నాకు మెడ పట్టేస్తోంది."

మంజీర డోలు దబదబా బాదింది. మూడుముళ్ళూ పడ్డాయి.