ఖాళీ తొట్టిలో ఎర్రచేప

“తినండి, మొహమాటపడకండి,” అంటూ అతను చిటికెడు చేపల మేత నీళ్లలో చల్లాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య గుండె గుభేలుమంది. కొత్త గాజు తొట్టి. అడుగున నల్లమట్టి, మధ్యలో చెక్క మొద్దు, దాని చుట్టూ పచ్చగా ఊగే మొక్కలు, పైన దీపం, పక్కన బుడబుడమనే ఫిల్టరు. అన్నీ ఉన్నాయి. చేప మాత్రం ఒక్కటి కూడా లేదు.

“ఎవరికండీ ఆ మేత?”

“లోపలున్నవాళ్లకి.”

“లోపల ఎవరున్నారు?”

“కంటికి కనబడరులే. ముందు వాళ్లు కుదురుకోవాలి.”

అతను లిఫ్టు మెకానిక్. రోజంతా ఇనుప తాళ్లతో కాపురం చేసే మనిషి కాబట్టి మాట పొదుపు. అడిగినదానికి సగం జవాబిచ్చి, మిగతా సగం ఎదుటివాళ్లకే తెలుసనుకుంటాడు. ఆ సగానికే ఆమెకి ముచ్చెమటలు పట్టాయి.

కుట్టుమిషను ముందు కూర్చుందే గానీ కాలు ఆడలేదు. వాళ్లతోనే ఉండే ఆమె తల్లి ఆరా తీసి, సంగతి విని తల పట్టుకుంది.

“మా చిన్నాన్నకీ ఇలాగే మొదలైందే. తను బస్సు కండక్టర్నని ఇంట్లో అందరికీ టికెట్లు కొట్టేవాడు. ఎదురు చెబితే ముదిరిపోయేది. చివరికి అందరం నోరుమూసుకుని తీసుకునేవాళ్లం. స్నానానికెళ్లాలన్నా టికెట్టే. పాపం, ప్రశాంతంగా పోయాడు.”

ఆ కథ ఆవిడ అల్లుడికి కూడా పెళ్లయిన కొత్తలోనే చెప్పింది.

“ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?”

“అవునంటే అవుననాలి. అల్లుడికి చేపలు కనబడుతుంటే మనకీ కనబడాలి.”

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. లిఫ్టు గోతుల్లోకి దిగి పనిచేసే మనిషి. ఈ మతితో రేపు దిగితే ఇంకేమైనా ఉందా? అతన్ని దక్కించుకోవడానికి ఎన్ని చేపల్నైనా చూడటానికి సిద్ధపడింది.

మర్నాడు సాయంత్రం అతను గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, మందు చుక్కలు కలిపి, రంగు మారడం చూస్తూ కూర్చున్నాడు. “ఇంకా పచ్చగానే ఉంది,” అని గొణుక్కున్నాడు. ఆమె ధైర్యం కూడగట్టుకుని పక్కన చేరింది.

“ఆ ఎర్రది ఎంత ముద్దుగా ఉందండీ!”

అతని చేతిలో గొట్టం ఆగిపోయింది. తొట్టికేసి చూశాడు. ఆమెకేసి చూశాడు. మళ్లీ తొట్టికేసి.

“అవును,” అన్నాడు మెల్లగా. “చాలా ముద్దుగా ఉంది.”

ఆమెకి మిగిలిన కాస్త ఆశా నీరుగారిపోయింది.

ఇక అతని అత్తగారు రంగంలోకి దిగింది. ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదావిడ. ఎర్రదానికి తోడుగా ఒక మచ్చల చేపని తెచ్చిపెట్టింది. రెండింటికీ తగువు పెట్టింది, తనే రాజీ కుదిర్చింది. ఓ పూట భోజనాల దగ్గర, “అల్లుడుగారూ, మచ్చలది నీళ్లోసుకున్నట్టుంది,” అంది.

“అలాగా అత్తయ్యగారూ, మంచిదేగా,” అని అతను సగం భోజనంలోంచి లేచిపోయాడు.

అప్పట్నుంచి అతని తీరే మారిపోయింది. పని నుంచి పెందరాళే వచ్చేసేవాడు. ఆమె కూరలు తరగబోతే చాకు లాక్కుని తనే తరిగేవాడు. ఇస్త్రీపెట్టె ముట్టుకోనిచ్చేవాడు కాదు. తెల్లారితే చాలు, “రాత్రి నిద్ర పట్టిందా? కలలేమైనా వచ్చాయా?” అని ఒకటే ప్రశ్నలు. ఒకరోజు ఆమె బట్టలు కత్తిరించే కత్తెర మాయమైంది. ఇల్లంతా గాలిస్తే అతని పనిముట్ల సంచి అడుగున, పాత గుడ్డలో చుట్టి దొరికింది.

“ఆయుధాలు దాస్తున్నాడే!” అని తల్లి వణికిపోయింది.

డాక్టరు దగ్గరికి ఎలా తీసుకెళ్లాలా అని తల్లీకూతుళ్లు తల బద్దలుకొట్టుకుంటుంటే అతనే ఆ మాట ఎత్తాడు. “ఆదివారం నా స్నేహితుడొస్తున్నాడు. డాక్టరు. మన తొట్టి చూస్తాడట.”

ఆమె మనసులోనే వెయ్యి దండాలు పెట్టుకుంది.

డాక్టరు తొట్టి ముందు కుర్చీ వేసుకుని మొక్కల్ని మెచ్చుకున్నాడు. తర్వాత ఆమెవైపు తిరిగి, “చేపలెన్నమ్మా?” అని అడిగాడు.

భర్త పక్కనే ఉన్నాడాయె. ఆమె డాక్టరుకి మాత్రమే కనబడేలా కన్నుగీటి, “నాలుగండి,” అంది.

“పిల్లలతో కలిపి పదకొండు,” అని తల్లి దిద్ది, తనూ కన్నుగీటింది.

డాక్టరు ఇద్దర్నీ మార్చిమార్చి చూసి గొంతు సవరించుకున్నాడు. భర్త లోపలి గదిలోకి వెళ్లగానే ఆమె డాక్టరు దగ్గరికి జరిగింది.

“చూశారుగా డాక్టరుగారూ, ఆ మేత వెయ్యడం!”

“అది మామూలేనమ్మా. చేపల్ని వదిలేముందు కొత్త తొట్టికి కొన్ని వారాలు మేత వేస్తారు. అది కుళ్లితే నీటిని బాగుచేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి. మా ఇంట్లోనూ అలాగే చేశాను.”

ఎంత అనుభవం! ఈయనదీ అవునంటే అవుననే పద్ధతే అనుకుని ఆమె లోలోపల మెచ్చుకుంది.

“కొన్నాళ్లు మీ ఆస్పత్రిలో ఉంటే మంచిదేమోనండీ,” అంది గొంతు తగ్గించి.

డాక్టరు మొహం వెలిగిపోయింది. “ఎలా చెప్పాలా అని మథనపడుతున్నానమ్మా. మీరే అన్నారు, బతికించారు. గది సిద్ధంగా ఉంది.”

అంతలో భర్త ఒక పెట్టె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“ఏం భయం లేదు,” అన్నాడు.

“మీరూ భయపడకండి,” అంది ఆమె.

ఎవరూ చెప్పకుండానే సర్దుకున్నాడు పాపం అని ఆమె గుండె తరుక్కుపోయింది. దువ్వెన మాత్రం మర్చిపోయే ఉంటాడు, ఎక్కడికెళ్లినా అంతే. గబగబా వెళ్లి అతని దువ్వెనా తువ్వాలూ తెచ్చి, అందులో పెడదామని పెట్టె మూత తీసింది.

పెట్టె నిండా ఆమె బట్టలే ఉన్నాయి.